ప్రిజం54 కార్డులో ఫర్మ్‌వేర్ క్రాష్‌లు: ఆలస్యంగా చేరే రిజిస్టర్ రైట్ల మీద ప్రాజెక్టు డైరీ

కార్డు: ఐఎస్‌ఎల్3890 చిప్ (ప్రిజం54 కుటుంబానిది) ఉన్న మినీ పీసీఐ వైర్‌లెస్ కార్డు. పీసీఐ ఐడీ 1260:3890. 802.11జీ, 54 ఎంబీపీఎస్.
డ్రైవర్: కొత్త లినక్స్ కెర్నల్ కోసం మొదటి నుంచి రాసుకున్నది.
సమస్య: ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదు. లేచాక కూడా ఎప్పుడు పడిపోతుందో తెలియదు.

తప్పు కార్డుదీ కాదు, ఫర్మ్‌వేర్‌దీ కాదు. మొత్తం మా డ్రైవర్‌దే: కార్డు రిజిస్టర్లలోకి (కార్డుని నడిపించే చిన్న గళ్లు) రాసేవి వెంటనే చేరతాయనుకుంది. పీసీఐ కార్డుకి డ్రైవర్ రాసే ఎవరైనా ఇదే గోతిలో పడొచ్చు కాబట్టి ఏ మార్పు ఎందుకు చేశామో కొలతలతో సహా రాస్తున్నాం.

దశ 0: బల్ల మీది సరంజామా, పరీక్ష పద్ధతి

1. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ని పాత పీసీఐగా మార్చే బ్రిడ్జి బోర్డు, రెండు స్లాట్లది.
2. ఒక స్లాట్లో అడాప్టర్ మీద వైర్‌లెస్ కార్డు. రెండో స్లాట్లో పాత పీసీఐ డిస్కు కంట్రోలర్, దానికో హార్డ్ డిస్కు. బస్సుని రద్దీగా ఉంచడమే దీని పని.
3. సీరియల్ కన్సోల్. మెషీన్ బిగుసుకుపోతే చివరి లైన్లు దొరికేది అక్కడే.
4. ఐఎస్‌ఎల్3890 అనే ఫుల్‌మ్యాక్ (వైర్‌లెస్ పనంతా కార్డే చూసుకునే) ఫర్మ్‌వేర్ ఫైలు. లినక్స్‌లోని పీ54పీసీఐ డ్రైవర్ అడిగేది ఐఎస్‌ఎల్3886పీసీఐ అనే సాఫ్ట్‌మ్యాక్ (చాలా పని కెర్నల్‌కి వదిలే) ఫైలు. పేర్లు దగ్గరగా ఉన్నా ఒకదాని చోట ఇంకోటి పనిచేయదు. ముందు ఈ సంగతి సరిచూసుకోకపోతే మిగతా కొలతలన్నీ వృథా.

ఒక సైకిల్ అంటే: మాడ్యూల్ లోడ్, ఫర్మ్‌వేర్ నుంచి ఇనిట్ ఇంటరప్ట్ (లేచానని కార్డు ఇచ్చే సంకేతం) కోసం గరిష్ఠంగా 1 సెకను వేచి ఉండటం, 60 సెకన్ల ట్రాఫిక్, 30 సెకన్ల ఖాళీ, మళ్లీ 60 సెకన్ల ట్రాఫిక్, అన్‌లోడ్. ఇలాంటివి 50 అయితే ఒక రౌండు. రౌండుకి సుమారు 2 గంటల 10 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆ 30 సెకన్ల ఖాళీని మొదట సరదాకి పెట్టాం, తర్వాత అదే ఒక తప్పుని పట్టించింది. మీరు పరీక్ష రాసుకుంటే దాన్ని తీసేయకండి.

దశ 1: తప్పుని ఇష్టం వచ్చినప్పుడు రప్పించడం

డిస్కు ఊరికే ఉన్నప్పుడు 50లో 46 సైకిళ్లు బాగానే వెళ్లాయి. ఇలాంటి తప్పుని వెతకడం కష్టం. మార్పు చేశాక 50కి 50 వచ్చినా అది మార్పు వల్లో అదృష్టం వల్లో చెప్పలేం. అందుకే ముందు తప్పుని పెంచాం:

1. డిస్కు మీద ఆగకుండా పెద్ద ఫైలు చదివించాం.
2. సెట్‌పీసీఐ కమాండ్‌తో డిస్కు కంట్రోలర్ లేటెన్సీ టైమర్‌ని హెక్స్ ఎఫ్8కి, అంటే 248కి పెంచాం. వేరే పరికరం బస్సు అడుగుతున్నా అది 248 క్లాకుల దాకా బస్సు వదలక్కర్లేదు. 33 మెగాహెర్ట్జ్ పీసీఐలో ఒక క్లాకు 30 నానోసెకన్లు కాబట్టి ఇది సుమారు 7.5 మైక్రోసెకన్లు.

ఇప్పుడు 50లో 19 మాత్రమే గట్టెక్కాయి. పోయిన 31లో:

– 22: ఇనిట్ ఇంటరప్ట్ 1 సెకనులో రాలేదు.
– 6: ఖాళీ సమయం తర్వాత ట్రాఫిక్ మొదలవగానే ఫర్మ్‌వేర్ పలకడం మానేసింది.
– 3: ట్రాన్స్‌మిట్ క్యూ ఆగిపోయి నెట్‌వర్క్ వాచ్‌డాగ్ (క్యూ కదలకపోతే హెచ్చరించే కెర్నల్ కాపలా) మొరిగింది.

మూడు లక్షణాలు, మూడు వేర్వేరు చోట్లు. అన్నీ ఒకే కారణం అనుకుని ఒకే మార్పుతో పోతాయని ఎదురుచూడకపోవడం మంచిదైంది.

ఇప్పటికి: 2 రౌండ్లు, 100 సైకిళ్లు. కోడ్‌లో మార్పులు 0.

దశ 2: పనిచేయని మందులు

అన్నీ రద్దీ బస్సు మీదే.

1. ప్రతి రైట్ తర్వాత డబ్ల్యూఎంబీ బ్యారియర్: 50కి 20. తేడా లేనట్టే. బ్యారియర్ వరస కాపాడుతుంది తప్ప రైట్ కార్డుకి చేరిందని హామీ ఇవ్వదు.
2. పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు పవర్ సేవింగ్ ఆపడం: 50కి 21. ఇదీ అంతే.
3. రీసెట్ మధ్య యూడిలేని (కోడ్ ఊరికే ఆగే సమయాన్ని) 10 నుంచి 100 మైక్రోసెకన్లకి పెంచడం: 50కి 38. ఇనిట్ ఫెయిల్యూర్లు 22 నుంచి 3కి తగ్గాయి.
4. 500కి పెంచడం: 50కి 41. ఇనిట్ ఫెయిల్యూర్లు 0. మిగిలిన 9 (6, 3) కదల్లేదు.

నాలుగోదాని దగ్గర ఆగిపోయే డ్రైవర్లు చాలా ఉంటాయి. ఆలస్యం పెంచితే లక్షణం కనపడదు, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకా రద్దీ ఉన్న మెషీన్లో 500 కూడా చాలకపోవచ్చు. పైగా యూడిలే ప్రాసెసర్‌ని ఊరికే తిప్పుతూ కూర్చుంటుంది. ఈ నాలుగు మార్పుల్నీ వెనక్కి తీసేశాం.

ఇప్పటికి: 6 రౌండ్లు, 300 సైకిళ్లు. నిలిచిన మార్పులు 0.

దశ 3: ఎంఎంఐఓట్రేస్ పెడితే తప్పు మాయం

కెర్నల్‌లో ఎంఎంఐఓట్రేస్ ఉంది. డ్రైవర్ చేసే ప్రతి రిజిస్టర్ రీడ్, రైట్ విలువతో, సమయంతో రాసిపెడుతుంది. వాడే వరస:

1. కెర్నల్ కాన్ఫిగ్‌లో ఎంఎంఐఓట్రేస్ ఎంపిక ఆన్ చేసి బిల్డ్ చేయాలి.
2. డ్రైవర్ లోడ్ చేయకముందే ట్రేసర్‌ని ఎంఎంఐఓట్రేస్‌కి మార్చాలి. రిజిస్టర్లు మ్యాప్ అయ్యాక మొదలుపెడితే ఏమీ పట్టదు.
3. ట్రేస్ పైపు నుంచి ఫైల్లోకి మళ్లించి, అప్పుడు మాడ్యూల్ లోడ్ చేయాలి.

ఫలితం: 50కి 49. తప్పు దాదాపు మాయం! ఎందుకంటే ఎంఎంఐఓట్రేస్ ప్రతి యాక్సెస్‌నీ పేజ్ ఫాల్ట్ చేయించి పట్టుకుంటుంది, ఒక్క ప్రాసెసర్ తప్ప మిగతావాటిని ఆపేస్తుంది. రెండు రైట్ల మధ్య ఎడం దానంతటదే పెరిగిపోతుంది. ప్రింట్ లైన్లు పెట్టినా ఇదే జరుగుతుంది. ట్రేస్ పెడితే పోయే తప్పు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది సమయాన్ని.

ట్రేస్ వల్ల ఒక లాభం మాత్రం దక్కింది. డ్రైవర్ రాస్తున్న విలువల్లో గానీ వరసలో గానీ తప్పు లేదని రుజువైంది. తప్పంతా ఎడంలోనే.

ఇప్పటికి: 7 రౌండ్లు, 350 సైకిళ్లు.

దశ 4: రైట్ ఎక్కడ ఆగుతోంది

పీసీఐలో మెమరీ రైట్‌ని పోస్టెడ్ రైట్ అంటారు. పేరుకి తగ్గట్టే ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేయడం లాంటిది. డబ్బాలో పడగానే ప్రాసెసర్ తన పని అయిపోయిందనుకుని ముందుకెళ్లిపోతుంది. ఉత్తరం బ్రిడ్జి బఫర్లో ఉండి, బస్సు దొరికినప్పుడు కార్డుకి చేరుతుంది. రీడ్ అలా కాదు, జవాబు వచ్చేదాకా ప్రాసెసర్ కదలదు.

కొలిచాం. కెర్నల్ నానోసెకన్ల గడియారంతో, ఖాళీ బస్సు మీద, వెయ్యిసార్లు:

– రైట్‌ఎల్ (రిజిస్టర్‌లో రాసే ఫంక్షన్) ఒకటి: 60 నుంచి 90 నానోసెకన్లు
– రీడ్‌ఎల్ (రిజిస్టర్ చదివే ఫంక్షన్) ఒకటి: 1.6 నుంచి 2.1 మైక్రోసెకన్లు

90 నానోసెకన్లలో ఏ రైటూ బ్రిడ్జి దాటి పాత పీసీఐ కార్డుకి చేరదు. ఆ అంకె డబ్బాలో వేయడానికి పట్టిన సమయం మాత్రమే.

ఇప్పుడు రీసెట్ లెక్క. డ్రైవర్ రీసెట్ బిట్‌ని 1 చేస్తుంది, 10 మైక్రోసెకన్లు ఆగుతుంది, 0 చేస్తుంది. మొదటి రైట్ బ్రిడ్జిలో 7.5 మైక్రోసెకన్లు ఇరుక్కుంది. ప్రాసెసర్ మాత్రం డబ్బాలో వేసిన క్షణం నుంచే 10 లెక్కపెట్టింది. రెండో రైట్ పోయేసరికి బస్సు ఖాళీ. కార్డు దృష్టిలో ఎడం 10 కాదు, రెండున్నరకి అటూ ఇటూ. క్యూలో ముందు డిస్కు కంట్రోలర్‌కి పోవాల్సిన రైట్లు కూడా ఉంటే రెండు రైట్లూ ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి చేరతాయి. రీసెట్ పల్స్ సగం తిన్న కార్డు పాత స్థితిలోనో కొత్త స్థితిలోనో కాక మధ్యలో మిగులుతుంది.

మందు కూడా పీసీఐ వరస నియమంలోనే ఉంది. రీడ్ తనకంటే ముందు పోస్టయిన రైట్‌ని దాటిపోలేదు. ఒంటి బండి పట్టే దారి ఇది. వెనక బండి వెళ్లి తిరిగొచ్చిందంటే ముందు బండి ఊరు చేరినట్టే. కాబట్టి రైట్, వెంటనే అదే కార్డు మీద రీడ్, ఆ తర్వాత యూడిలే. లినక్స్ కెర్నల్ మెమరీ బ్యారియర్ల పత్రంలోనూ ఇదే ఉంది: రైట్‌ఎక్స్ వెంటనే రీడ్‌ఎక్స్ చేసి యూడిలే 1 పెడితే రెండు రైట్లూ కనీసం 1 మైక్రోసెకను ఎడంతో చేరతాయి.

ఏ రిజిస్టర్ చదవాలన్నది ముఖ్యం. చదవగానే చెరిగిపోయే స్టేటస్ రిజిస్టర్లు చాలా కార్డుల్లో ఉంటాయి. ఫ్లష్ (ఇలా రీడ్‌తో రైట్‌ని కార్డుదాకా తోయడం) కోసం దాన్ని చదివితే ఇంటరప్ట్ పోగొట్టుకుంటాం. పాత ప్రిజం54 డ్రైవర్‌లో ఇందుకోసమే ఒక ఫ్లష్ సహాయక ఫంక్షన్ ఉంది. హాని లేని రీడ్ కోసం అది ఇంటరప్ట్ ఎనేబుల్ రిజిస్టర్‌ని (ఆఫ్‌సెట్ హెక్స్ 18) వాడుతుంది. మేమూ అదే తీసుకున్నాం. చదివిన విలువని పారేస్తాం. రీడ్‌ఎల్ వోలటైల్ కాబట్టి విలువ వాడకపోయినా కంపైలర్ దాన్ని తీసేయదు.

దశ 5: రీసెట్ వరస

కంట్రోల్ స్టేటస్ రిజిస్టర్ ఆఫ్‌సెట్ హెక్స్ 78. కొత్త వరస:

1. ఇంటరప్ట్ ఎనేబుల్‌కి 0. ఫ్లష్. 10 మైక్రోసెకన్లు.
2. కంట్రోల్ స్టేటస్ చదివి, రీసెట్, ర్యామ్‌బూట్ (మెమరీలో ఎక్కించిన ఫర్మ్‌వేర్ నుంచి లేవమనేది) బిట్లు తీసి రాయాలి. ఫ్లష్. 10.
3. చేతిలో ఉన్న విలువకే రీసెట్ బిట్ కలిపి రాయాలి. ఇక్కడ రిజిస్టర్‌ని మళ్లీ చదవకూడదు. ఫ్లష్. 10.
4. రీసెట్ బిట్ తీసి రాయాలి. ఫ్లష్. 50 మిల్లీసెకన్లు.
5. ఫర్మ్‌వేర్ ఎక్కించాలి (దశ 6).
6. క్లాక్‌రన్, రీసెట్ బిట్లు తీసి, ర్యామ్‌బూట్ పెట్టి రాయాలి. ఫ్లష్. 10.
7. రీసెట్ 1. ఫ్లష్. 10. ర్యామ్‌బూట్ బిట్‌ని కార్డు లోపలికి తీసుకునేది ఈ అడుగులోనే.
8. రీసెట్ 0. ఫ్లష్. 50 మిల్లీసెకన్లు.

మూడో అడుగులో మొదట ఒక పొరపాటు చేశాం. ఫ్లష్ కోసం కంట్రోల్ స్టేటస్‌నే చదివి, ఆ విలువ మీద బిట్ మార్చి తిరిగి రాశాం. రీసెట్‌లో ఉన్న కార్డు ఇచ్చే విలువ నమ్మదగింది కాదు. దాన్ని తిరిగి రాస్తే అక్కర్లేని బిట్లు కూడా వెళ్తాయి. విలువ వేరియబుల్లో ఉంచుకుని, ఫ్లష్‌ని హెక్స్ 18కి మార్చాక సర్దుకుంది.

యూడిలేలు 10 దగ్గరే ఉన్నాయి, పెంచలేదు. ఫలితం 50కి 39. ఇనిట్ ఫెయిల్యూర్లు 22 నుంచి 2కి దిగాయి.

ఇప్పటికి: 8 రౌండ్లు, 400 సైకిళ్లు. ఫ్లష్‌లు 7.

దశ 6: ఫర్మ్‌వేర్ ఎక్కించే కిటికీ, మొదటి పలకరింపు

ఫర్మ్‌వేర్ 4096 బైట్ల కిటికీ గుండా కార్డు మెమరీలోకి వెళ్తుంది. కార్డు వైపు మొదటి చిరునామా హెక్స్ 20000. డైరెక్ట్ మెమరీ బేస్ రిజిస్టర్‌లో (హెక్స్ 30) చిరునామా రాసి, కిటికీ నింపి, చిరునామాని 4096 పెంచి మళ్లీ రాయాలి.

ఒక కార్డుకి పోయే పోస్టెడ్ రైట్లు తమలో తాము వరస తప్పవు. అంటే బేస్ రైట్ డేటా కంటే ముందే చేరుతుంది. మరి ఫ్లష్ ఎందుకు? కిటికీ కదిలాక కార్డుకి కాస్త ఊపిరి కావాలి. ఫ్లష్ లేకపోతే బేస్ రైట్, మొదటి డేటా పదం ఒకదాని వెనక ఒకటి 30 నానోసెకన్ల క్లాకుల మీద దూసుకొస్తాయి. అందుకే:

1. బేస్ రాయాలి. ఫ్లష్. 10 మైక్రోసెకన్లు.
2. 32 బిట్ల పదాలుగా కిటికీ నింపాలి. మెమ్‌కాపీ టూ ఐఓ అనే కెర్నల్ ఫంక్షన్ వాడొద్దు, ఎంత వెడల్పు రైట్లు పోతాయన్నది ఆర్కిటెక్చర్‌ని బట్టి మారుతుంది.
3. కిటికీ నిండాక ఫ్లష్. ఆ తర్వాతే కొత్త బేస్.

ఫైలు పరిమాణం 4తో భాగించబడకపోతే లోడ్ చేయకుండా ఆపేయాలి. రిజిస్టర్ ప్రాంతాన్ని రైట్ కంబైనింగ్‌తో మ్యాప్ చేయకూడదు. అలా చేస్తే ప్రాసెసరే రైట్లని కలిపేసి ఇంకా ఆలస్యం చేస్తుంది.

ఫర్మ్‌వేర్ మొదలయ్యాక పలకరింపులో మూడు రైట్లున్నాయి: కంట్రోల్ బ్లాక్ (డ్రైవర్, కార్డు పంచుకునే మెమరీ) చిరునామా, ఇంటరప్ట్ ఎనేబుల్‌లో ఇనిట్ బిట్, చివరగా డివైస్ ఇంటరప్ట్‌లో రీసెట్ బిట్. మూడింటికీ ఫ్లష్, 10 మైక్రోసెకన్ల ఎడం.

50కి 2 ఫెయిల్యూర్లు పోయాయో లేదో ఒక్క రౌండుతో తేలదు. నాలుగు రౌండ్లు నడిపాం: 200 సైకిళ్లలో ఇనిట్ ఫెయిల్యూర్లు 0.

ఇప్పటికి: 12 రౌండ్లు, 600 సైకిళ్లు. ఫ్లష్‌లు 12.

దశ 7: రెండుసార్లు మోగే ఇంటరప్ట్

వాచ్‌డాగ్ మొరిగిన కేసులివి. ఇంటరప్ట్ పట్టికలో మా లైను అంకె, వాస్తవంగా జరిగిన పనికి దాదాపు రెట్టింపు ఉంది. హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే కోడ్) ఐడెంట్ రిజిస్టర్ (ఎందుకు వచ్చిందో చెప్పేది, హెక్స్ 10) చదివి, అదే విలువని ఆక్‌లో (అందిందని చెప్పే రిజిస్టర్, హెక్స్ 14) రాసి వెనుదిరుగుతోంది. ఆక్ ఇంకా బ్రిడ్జిలోనే ఉంది. లెవెల్ ఇంటరప్ట్ (ఆక్ చేరేదాకా ఆగనిది) కాబట్టి లైను ఇంకా మోగుతూనే ఉంది. కెర్నల్ హ్యాండ్లర్‌ని మళ్లీ పిలుస్తుంది. ఈసారి ఐడెంట్ రీడ్ వెళ్తూ వెళ్తూ ఆక్‌ని ముందుకి తోసేస్తుంది, సున్నా తెస్తుంది.

లక్ష ఇంటరప్ట్‌ల్లో 99,900 ఎవరూ పట్టించుకోనివైతే కెర్నల్ ఆ లైనునే మూసేస్తుంది. ఇక్కడ సగమే ఖాళీవి కాబట్టి ఆ సందేశం ఎప్పటికీ రాదు. నష్టం నిశ్శబ్దంగా జరిగిపోతుంది.

ఇది ఒక్కటే అయితే ప్రాసెసర్ సమయం వృథా, అంతే. కానీ ఐడెంట్ సున్నా వస్తే "శుభ్రం చేద్దాం" అని మా హ్యాండ్లర్ ఆక్‌లో అన్ని బిట్లూ రాస్తోంది. ఆ సందులో వచ్చిన నిజమైన అప్‌డేట్ ఇంటరప్ట్‌ని (క్యూ కదిలిందని చెప్పేది) అదే మింగేసింది. క్యూ ఆగిపోయింది.

1. ఐడెంట్ చదవాలి. అన్ని బిట్లూ 1గా వస్తే కార్డు బస్సు మీద లేదని అర్థం, ఏమీ రాయకుండా బయటకి రావాలి.
2. చదివిన బిట్లకి మాత్రమే ఆక్ రాయాలి.
3. వెంటనే ఇంటరప్ట్ ఎనేబుల్ చదివి ఐడెంట్‌తో ఆండ్ చేయాలి. మాస్క్ ఎలాగూ కావాలి, దాంతోపాటే ఆక్ కూడా ఫ్లష్ అవుతుంది.
4. మిగిలింది సున్నా అయితే మాది కాదని చెప్పి వచ్చేయాలి. ఇంకేమీ రాయొద్దు.

ఫలితం: 50కి 44. వాచ్‌డాగ్ 0. ఇంటరప్ట్ అంకె సగానికి దిగింది.

ఇప్పటికి: 13 రౌండ్లు, 650 సైకిళ్లు. ఫ్లష్‌లు 13.

దశ 8: నిద్రలో ఉన్న కార్డు, అన్‌లోడ్

మిగిలిన 6 ఫెయిల్యూర్లూ 30 సెకన్ల ఖాళీ తర్వాతే. ఖాళీగా ఉంటే కార్డు నిద్రపోతుంది. డ్రైవర్ వేకప్ రాసి, వెనువెంటనే అప్‌డేట్ కూడా రాస్తోంది. మధ్యలో 10 మైక్రోసెకన్లు ఉన్నాయని కాగితం మీద ఉంది. బ్రిడ్జిలో అది కూడా కరిగిపోయింది. కళ్లు తెరవకముందే రెండో తలుపు చప్పుడు విన్న ఫర్మ్‌వేర్ పడిపోతోంది.

1. నిద్ర జెండా ఉంటే వేకప్ ఒక్కటే రాయాలి. ఫ్లష్.
2. అప్‌డేట్‌ని వేకప్ ఇంటరప్ట్ వచ్చాక, హ్యాండ్లర్ నుంచే రాయాలి. ఫ్లష్.

ఇక్కడ కాలాన్ని లెక్కపెట్టడం మానేసి కార్డు జవాబు కోసం ఆగుతున్నాం. జవాబిచ్చే దారి ఉన్న ప్రతిచోటా ఇదే మేలు. యూడిలే అలాంటి దారి లేనిచోటికే.

అన్‌లోడ్‌లో ఫెయిల్యూర్ కనపడకపోయినా వరస మార్చాం: ఇంటరప్ట్ ఎనేబుల్ 0, ఫ్లష్, ఇంటరప్ట్ వదలడం, డివైస్ రీసెట్, ఫ్లష్, ఆ తర్వాతే డీఎంఏ మెమరీ (కార్డు నేరుగా చదివి రాసేది) విడుదల. రీసెట్ బ్రిడ్జిలో ఉండగా మెమరీ వదిలేస్తే, ఇంకొకరి చేతికి పోయిన పేజీలో కార్డు రాసే ప్రమాదం ఉంది.

ఫలితం: 50కి 50.

ఇప్పటికి: 14 రౌండ్లు, 700 సైకిళ్లు. ఫ్లష్‌లు 17.

దశ 9: ఫ్లష్‌ల ఖరీదు

మొత్తం 17లో ట్రాఫిక్ దారిలో ఉన్నవి రెండే: ఆక్ తర్వాతది, అప్‌డేట్ తర్వాతది. అసలు వేగం 25 ఎంబీపీఎస్ అనుకుంటే 1500 బైట్ల ప్యాకెట్లు సెకనుకి సుమారు 2,080. ఒక్కో రీడ్ 2 మైక్రోసెకన్లు, ప్యాకెట్‌కి రెండు: సెకనులో 8.3 మిల్లీసెకన్లు, అంటే 0.83 శాతం. ప్యాకెట్లు గుంపుగా వస్తే డిస్క్రిప్టర్లన్నీ (ప్యాకెట్ ఎక్కడుందో చెప్పే చీటీలు) నింపి, డబ్ల్యూఎంబీ పెట్టి, ఒక్కటే అప్‌డేట్ రాస్తున్నాం కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. గిగాబిట్ కార్డులో ఇలా ప్రతి ప్యాకెట్‌కీ చదవడం తగదు. అక్కడ డోర్‌బెల్‌కి (కొత్త ప్యాకెట్లున్నాయని కార్డుకి చెప్పే రైట్) ఫ్లష్ లేకుండా వదిలేయాలి, ఎందుకంటే దాని తర్వాత ఎడం అవసరమైన రైట్ ఏదీ ఉండదు.

ప్రతి రైట్‌కీ గుడ్డిగా రీడ్ తగిలించొద్దు. అడగాల్సింది ఒక్కటే: ఈ రైట్ చేరిందని తెలియకుండా తర్వాతి పని చేస్తే కార్డుకి గానీ మెమరీకి గానీ నష్టమా?

వేరే కార్డుల్లో ఇదే తప్పు వేరే వేషంలో ఉంటుంది. లినక్స్ బీఆర్‌సీఎంఎస్మాక్ డ్రైవర్‌లో బీసీఎం4716, 4706 చిప్‌ల కోసం రైట్ తర్వాత రీడ్ చేసే ఫ్లష్ ఉంది. ఏటీహెచ్9కే‌లో అయితే ఆలస్యం బస్సుది కాదు, డ్రైవర్‌దే: యూఎస్‌బీ కార్డుల కోసం రిజిస్టర్ రైట్లని బఫర్లో పోగేసి ఒకేసారి పంపుతుంది. పోగుచేయడం మొదలయ్యాక, ఫ్లష్ పిలుపుకి ముందు మధ్యలో యూడిలే పెడితే అది ఎవరికీ చేరని ఆలస్యం. అలాంటిచోట ముందు బఫర్ ఖాళీ చేసి, తర్వాత ఆగాలి.

దశ 10: చివరి పరుగు

రద్దీ బస్సు, లేటెన్సీ టైమర్ ఎఫ్8, యూడిలేలన్నీ 10. పది రౌండ్లు, 21 గంటల 30 నిమిషాలు. 500 సైకిళ్లలో ఇనిట్ ఫెయిల్యూర్ 0, నిద్ర తర్వాత పడిపోవడం 0, వాచ్‌డాగ్ 0.

మొత్తం: 24 రౌండ్లు, 1,200 సైకిళ్లు. ఫ్లష్‌లు 17. పెంచిన యూడిలేలు 0.

మిగిలిన పని: సస్పెండ్ నుంచి లేచే దారి. అక్కడ రిజిస్టర్లన్నీ 1లుగా చదవబడే కొద్ది సేపట్లో ఫ్లష్ రీడ్ కూడా అబద్ధమే చెబుతుంది. కాబట్టి ఆ దారిలో మాత్రం ఫ్లష్ విలువని పారేయకుండా సరిచూడాలి. ప్యాచ్ బిల్డ్ అయింది, రౌండు ఇంకా నడపాలి.